అచ్చులో లేని జవాబు

పోయిన వారం మనం మందుల షాపు మెట్ల మీద ఆగాం. మా అన్నయ్య కూతురు తలనొప్పి మాత్రల కోసం అక్కడికి వెళ్ళింది. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. చిన్నప్పుడు కనిపించినదల్లా ఎక్కేసేదని ఇంట్లో అందరం ఉడత అంటాం. కౌంటర్లో ఉన్నావిడ చీటీ మీద ఇంటిపేరు చూసి, ఇదే ఇంటిపేరుతో నవల రాసినావిడ మీకేమవుతారని అడిగింది. అమ్మ అని చెప్పగానే ఆవిడ కళ్ళు తుడుచుకుని, "చిన్నపిల్ల అడిగినప్పుడు వాళ్ళమ్మ చెప్పే జవాబు ఉంది చూడండి, కంప్యూటర్లో అది చదివి ఆ రోజంతా మనిషిని కాలేకపోయాను" అంది. ఉడత మాత్రలు తీసుకోకుండానే మెట్లు దిగింది. ఆ నవల అచ్చుప్రతి తన దగ్గరుంది. నాలుగుసార్లు చదివింది. అందులో పిల్ల అడగడం ఉంది, తల్లి జవాబు లేదు.

ఆ అచ్చుప్రతి తయారుచేసిన పాపాత్ముణ్ణి నేను. గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే విభాగంలో ముప్పై ఒక్కేళ్ళుగా ఉన్నాను. చిరిగిన పేజీలు అతికిస్తాను, ఊడిన అట్టలు కుడతాను. ఏ పుస్తకాన్ని కలకాలం దాచాలి, ఏది పోయినా ఫరవాలేదు అని తేల్చే కమిటీలోనూ కూర్చుంటాను. నా చేతిలో పడ్డ పుస్తకం ఇంకో వందేళ్ళు బతుకుతుందని మా వాళ్ళంటారు. నేనూ కాదనను. ఆ పొగరే ఇంతదాకా తెచ్చింది.

ఉడత వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మా గది గ్రంథాలయం వెనకవైపు, మెట్ల కింద ఉంటుంది. పొడవాటి బల్ల, పుస్తకాలను బిగించే ఇనప ప్రెస్సు, జిగురు గిన్నె, దారపు ఉండలు. నేను పాత అట్లాసు ఒకదాన్ని బిగించి వెన్నుకి జిగురు రాస్తున్నాను. ఉడత ముఖం చూడగానే తేలు కుట్టిన దొంగలా గప్‌చుప్‌గా తల దించుకుని రాస్తూ పోయాను.

"చెయ్యి ఖాళీ ఉందా బాబాయ్?"

"జిగురు చేతులే తల్లీ. కూర్చో."

కూర్చోలేదు. సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి నూట నలభై మూడో పేజీ దగ్గర తెరిచింది. దాని పక్కన స్టీలు స్కేలు పెట్టింది.

"ఈ పుస్తకంలో పేరాకీ పేరాకీ మధ్య ఆరు మిల్లీమీటర్లు. ఈ ఒక్కచోట పద్నాలుగు. పిల్ల 'ఎక్కడికెళ్ళావమ్మా ఇన్నాళ్ళూ?' అంటుంది. తర్వాత పద్నాలుగు మిల్లీమీటర్లు. తర్వాత తల్లి లేచి వెళ్ళి గిన్నెలు సర్దుకుంటుంది. పుస్తకం మొత్తం వెతికాను. ఇలాంటివి ఇంకో ఇరవై రెండున్నాయి. ఇక్కడ ఏముండేది?"

"అచ్చులో ఒక్కోసారి అలా పడుతుంటాయి."

"లిఫ్టు తలుపు కింద సందు కనిపిస్తే, అలా పడుతుంటాయి అని రాసి సంతకం పెట్టి రాము బాబాయ్ మేం."

నీళ్ళు నమలడం నాకు బాగా అలవాటు. కానీ ఎంతసేపని నములుతాం? బ్రష్షు గిన్నెలో పడేసి, చేతులు గుడ్డకి తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాను.

వాళ్ళమ్మ, అంటే మా వదిన, రాసింది మామూలు నవల కాదు. తెర మీద చదవాలి. కొంత చదివాక ఆగుతుంది. ఇప్పుడేం చెయ్యమంటారు అని చదివేవాళ్ళనే అడుగుతుంది. మూడు దారులు చూపిస్తుంది. ఏది నొక్కితే కథ అటు పోతుంది. ఇంట్లో అందరం దాన్ని నొక్కుడు నవల అని ఏడిపించేవాళ్ళం. ఆ పేరు పెట్టిన ఘనత కూడా నాదే.

అది వచ్చిన కొత్తలో వదిన మా గ్రంథాలయానికి అర్జీ పెట్టుకుంది, కలకాలం దాచే పుస్తకాల్లో దీన్నీ చేర్చమని. కమిటీ తరఫున అభిప్రాయం రాసింది నేను. 'కరెంటు పోతే కనిపించకుండా పోయేది సాహిత్యం కాదు' అని రాశాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించాను కూడా. వదిన ఏమీ నొచ్చుకోలేదు. "కరెంటు పోతే చీకట్లో మీ పుస్తకాలు మాత్రం ఎవరు చదువుతారు మరిదిగారూ?" అని నవ్వేసింది. అర్జీ మాత్రం మళ్ళీ పెట్టలేదు.

నవల ఎనిమిదేళ్ళు తెర మీద ఉంది. నాలుగేళ్ళ కిందట, దాన్ని ఉంచిన కంపెనీ వాళ్ళు దుకాణం కట్టేస్తున్నాం, మీది వేరేచోటికి మార్చుకోండి అని కబురు పెట్టారు. అప్పటికే వదిన ఆరోగ్యం బాగా పాడైంది. "దీన్ని ఎక్కడికైనా మార్చి పెట్టరూ" అని నన్నే అడిగింది. నేను మార్చలేదు. అంతకంటే గట్టి పని చేస్తున్నాననుకున్నాను. మొదటి తెర నుంచి వరసగా అచ్చు తీశాను. ఎటు పోవాలని అడిగినచోటల్లా ఏదో ఒకటి నొక్కి ముందుకి వెళ్ళాను. ఆ అడిగిన వరసలన్నీ చెరిపేశాను. పాత పుస్తకంలో ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు చెరిపినట్టే అనుకున్నాను. అచ్చుకాగితాలు మడిచి, మైనం దారంతో కుట్టి, నల్ల గుడ్డ అట్ట వేసి, తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

వదిన చాలాసేపు పేజీలు తిప్పింది. "కుట్టు చాలా బాగుంది మరిదిగారూ" అంది. తర్వాత, "ఎవరు రాశారిది?" అంది.

నేను నవ్వాను. మా ఇద్దరి మధ్య వేళాకోళం కొత్తేం కాదు. పన్నెండు రోజుల తర్వాత కంపెనీ మూతపడింది.

ఇదంతా ఉడత నిలబడే విన్నది. నేను ఆపాక నూట నలభై మూడో పేజీ మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఏది నొక్కావు?"

"ఏమో తల్లీ, ఎప్పటి మాట. మొదటిదేదో..."

"లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే నేను మొదట అడిగేది ఇదే. ఏ బటన్ నొక్కారు? నూటికి తొంభైమంది 'ఏమో, ఏదో నొక్కాను' అంటారు. గుర్తులేక కాదు. గుర్తుండే."

నాకు గుర్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"మూడుండేవి. 'మళ్ళీ అడుగు.' 'నాన్నని అడుగు.' 'ఊరుకో.' చదివేవాళ్ళే ఆ పిల్ల అన్నమాట. పిల్ల ఏం చెయ్యాలో వాళ్ళే చెప్పాలి."

"నువ్వు?"

"ఊరుకో నొక్కాను."

ఉడత స్కేలు తీసి సంచిలో పెట్టుకుంది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"మిగతా రెండూ చదవకుండానే?"

చదవలేదని ఒక్క మాటంటే సరిపోయేది. తెలియక చేసిన తప్పుకి పెద్దవాణ్ణని క్షమించేసేది కూడా. కానీ ఆ పిల్ల ముఖంలో అచ్చం మా వదిన చూపు ఉంది.

"మూడూ చదివాను" అన్నాను. "చదివాకే నొక్కాను."

ఇక దాచి లాభం లేదు. పాతికేళ్ళుగా మా ఇంట్లో నలిగిన మాట ఆ జిగురు వాసన మధ్య బయటపెట్టాను. ఉడతకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పదకొండు నెలలు ఇంట్లో లేదు. వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వస్తే వెళ్ళిందని అందరికీ చెప్పాం. పిల్లకీ అదే చెప్పాం. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు. వదినకి నిద్ర పోయింది, తిండి పోయింది, ఆఖరికి మాట పోయింది. ఓ ఉదయం నేనే కారులో తీసుకెళ్ళి, మనసు బాగాలేని వాళ్ళ ఆసుపత్రిలో చేర్పించి వచ్చాను. బయటికి పొక్కితే బళ్ళో పిల్లని ఏడిపిస్తారని అన్నయ్య భయపడ్డాడు. ఉద్యోగం కథ అల్లి వాడి నోట్లో పెట్టింది మాత్రం నేను. ఇంటికొచ్చాక కూడా ఈ మాట ఎత్తనని వదిన చేత ఒట్టు వేయించుకున్నాం. అన్నయ్య పోయి పదేళ్ళయినా, తను పోయేదాకా ఆమె ఆ మాట తప్పలేదు.

"'నాన్నని అడుగు' నొక్కితే నాన్న ఆ ఉద్యోగం సంగతి చెబుతాడు. నేను అల్లిన అబద్ధం అక్షరం పొల్లుపోకుండా రాసింది వదిన. దాన్ని నా చేత్తో నేను అచ్చు వేసుకోలేకపోయాను. 'మళ్ళీ అడుగు' నొక్కితే నిజం చెబుతుంది. అందులో నేనున్నాను. అదీ వెయ్యలేకపోయాను. మిగిలింది ఊరుకోవడం."

ఉడత అప్పుడు కూర్చుంది. స్టూలు మీద కాదు, గోడవారగా పేర్చిన అట్టల కట్ట మీద.

"నన్ను కాదని ఉద్యోగానికి పోయిందనుకున్నాను. పాతికేళ్ళు అదే అనుకున్నాను" అంది. "పోనీ ఇప్పుడు పెద్దదయింది, నవల రాసింది, అందులోనైనా చెప్పి ఉంటుందని నువ్వు పంపిన ప్రతి తెరిచాను. గిన్నెలు సర్దుకోవడం చదివాక నాకు ఒళ్ళు మండిపోయింది బాబాయ్. రాసుకున్న కథలో కూడా నాకు చెప్పదా? ఆ రోజు నుంచి ఫోన్ చెయ్యడం మానేశాను."

నాకు తెలుసు. వదిన మంచం పక్కన ఫోన్ వైపు చూస్తూ, "ఉడత పనిలో ఊపిరాడకుండా ఉన్నట్టుంది" అనేది. ఏడాదిపాటు రోజూ అదే మాట. పుస్తకం చదివాకే పిల్ల రాకపోకలు మానేసిందని నేను గ్రహించాను. గ్రహించి నోరు మూసుకున్నాను. పాతికేళ్ళ కిందటిది భయంతో చేశానని సరిపెట్టుకోవచ్చు. ఆ చివరి ఏడాదికి నా దగ్గర సాకు లేదు. నేను దుర్మార్గుణ్ణి కాదని నన్నెరిగినవాళ్ళు అంటారు. ఆ ఏడాది నేనేం చేశానో వాళ్ళకి తెలియదు.

"నాకు నేరుగా చెప్పచ్చుగా?" అంది ఉడత. "ఒట్టూ గిట్టూ పక్కన పెట్టి."

"ఆ జవాబు మొదటిసారి తెర మీద చూసినరోజు నేను పరిగెత్తుకెళ్ళి దెబ్బలాడాను, మాట తప్పావు వదినా అని. ఏమందో తెలుసా? 'చెప్పనని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదుగా' అంది. 'అయినా నేను చెప్పడం లేదు మరిదిగారూ. నా కథ అడిగితేనే చెబుతుంది, ఊరుకుంటే ఊరుకుంటుంది. నా కూతురు అడిగితే చెప్పాలి. అడగడం ఇష్టం లేకపోతే దాన్ని బాధపెట్టకూడదు. మీ కాగితం పుస్తకాలకి ఆ మర్యాద తెలియదు, అడక్కుండానే మీద పడి చెప్పేస్తాయి' అంది."

అప్పుడు నాకది మాటకారితనంలా అనిపించింది. నవల అంటే రాసినవాళ్ళు తేల్చి చెప్పాలి, చదివేవాళ్ళ చేతిలో పెట్టి చోద్యం చూడకూడదు అని పెద్ద ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. ఆమె కూతురి కోసం ఒక తలుపు తెరిచిపెట్టుకుందని ఉపన్యాసం ఇచ్చేవాడికి ఎలా అర్థమవుతుంది?

ఉడత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

"ఎనిమిదేళ్ళు తెరిచే ఉంది బాబాయ్. ఎప్పుడు ఫోన్ చేసినా 'నా నవల చూశావా?' అనేది. పుస్తకంగా వచ్చాక చదువుతాలే అమ్మా అనేదాన్ని. మా ఆఫీసులో నొక్కుడు నవల అని చెప్పి నవ్వాను కూడా. రోజుకి వంద బటన్లు నొక్కే మనిషిని. ఇదొక్కటి నొక్కలేకపోయాను."

"నీ తప్పేముందమ్మా..."

"నా తప్పు నేను చూసుకుంటాను. నాది తగ్గించి నీది తగ్గించుకోకు."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజమే, నేను చేయబోయింది సరిగ్గా అదే.

"ఆ కంపెనీ ఇప్పుడు లేదు. అమ్మ కంప్యూటర్ని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేనే పాత సామానులో వేసేశాను. పుస్తకం ఉందిగా అంటే నువ్వు తలూపావు." ఉడత లేచి వచ్చి బల్ల ముందు నిలబడింది. "ఇప్పుడు ఆ జవాబు ఎక్కడుంది?"

నేను అరల వైపు చూశాను. ఎవరికీ అక్కర్లేని పంచాయితీ నివేదికలు, చదివే నాథుడు లేని సన్మాన సంచికలు, అన్నీ కలకాలం ఉండేలా నేను కుట్టి పెట్టినవే. అన్నీ క్షేమంగా ఉన్నాయి.

"నా బుర్రలో ఉంది" అన్నాను. "ఇంకెక్కడా లేదు."

"మందుల షాపావిడకి?"

"ఏడ్చిన సంగతి గుర్తుంటుంది, మాటలు గుర్తుండవు. నేను చాలాసార్లు చదివాను."

ఉడత అచ్చుకాగితాల కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి నా ముందు పెట్టింది. పెన్సిలు కూడా తనే వెతికి ఇచ్చింది.

"రాయి."

రాశాను. ఒక్కో వాక్యం పైకి రావడానికి ఎంతో సమయం పట్టింది. ఉడత బల్లకి అటువైపు నిలబడి, తలకిందులుగానే చదువుతూ ఉంది.

'నేను వెళ్ళలేదు తల్లీ. నన్ను తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది మీ బాబాయి. నాకు మొదట నిద్ర పోయింది, తర్వాత మాట పోయింది. ఆ గదిలో కిటికీ ఎత్తుగా ఉండేది. మంచం ఎక్కి నిలబడితే రోడ్డు కనిపించేది. మూడున్నరకి ఏదో బడి వదిలేవాళ్ళు. పోయే పిల్లల జడలు చూసేదాన్ని. రెండు జడలూ సమానంగా ఉన్న పిల్ల కనిపిస్తే, దీని తల్లి ఇంట్లోనే ఉంది అనుకునేదాన్ని. నీకు జడలెవరు వేస్తున్నారో అడగాలనుండేది. అడగడానికి మాట లేదు. మాట తిరిగి వచ్చినరోజు మొదట పిలిచింది నిన్నే. ఎవరి మీదా నాకు కోపం లేదు.'

పెన్సిలు కింద పెట్టాను.

"నాన్న వేసేవాడు" అంది ఉడత. "ఒకటి చెవి మీదికి, ఒకటి మెడ మీదికి." నవ్వబోయి ఏడ్చేసింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, ఇరవై అంతస్తుల పైన తాడు పట్టుకుని వేలాడే పిల్ల, నా బల్ల మీద తలపెట్టి ఏడుస్తుంటే, ఆ తల మీద చెయ్యి వేసే అర్హత నాకుందా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వెయ్యలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని కాగితం తనవైపు తిప్పుకుంది. మళ్ళీ చదివింది. చివర ఆగింది.

"ఈ ఆఖరి వాక్యం అమ్మదేనా?"

"ఎందుకలా అడుగుతున్నావ్?"

"మిగతావన్నీ ఆగి ఆగి రాశావు. ఇదొక్కటి గబగబా రాసేశావు."

అవునని చెప్పడానికే నోరు తెరిచాను. వదిన పోయిన దగ్గర్నుంచి ప్రతి రోజూ ఆ వాక్యం నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. స్నానం చేస్తూ, జిగురు కలుపుతూ, బస్సు కోసం నిలబడి. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఎవరి మీదా కోపం లేదంటే నా మీదా లేనట్టే. కానీ ఆ వాక్యాన్ని తెర మీద చూసిన గుర్తుందా అని వెతుక్కుంటే, ఎక్కడా దొరకలేదు.

"తెలియదు" అన్నాను. "అమ్మదో, నాదో, నాకు నిజంగా తెలియదు తల్లీ."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఇంకో తెల్లకాగితం నా ముందు పరిచింది.

"మళ్ళీ రాయి. మొదటిది చూడకుండా."

"ఇప్పుడేగా..."

"కొత్త లిఫ్టు ఒక్కసారి ఎక్కి దిగి సర్టిఫికెట్ ఇవ్వం బాబాయ్. ఇరవైసార్లు తిప్పుతాం. ప్రతిసారీ ఒకేచోట ఆగితేనే సంతకం. ప్రతిసారీ వచ్చే వాక్యం అమ్మది. ఒకసారి వచ్చి ఒకసారి రానిది నీది."

"ఇరవైసార్లా?"

"అంతకంటే ముఖ్యమైన పనుందా నీకు?"

లేదు. అట్లాసు వెన్ను మీద జిగురు ఎండిపోతోంది, ఎండనిచ్చాను. రెండోసారి రాయడం మొదటిసారికంటే కష్టం. దారి తెలిసిన చీకటిగదిలో నడుస్తున్నట్టుంది, ప్రతి అడుగుకీ తెలుసనుకున్నది తగలాలి. తీసుకెళ్ళారు, వచ్చింది. కిటికీ వచ్చింది. మంచం, రోడ్డు, మూడున్నర, జడలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. మాట తిరిగి వచ్చినరోజు మొదట పిలిచింది నిన్నే. అదీ వచ్చింది.

ఆ తర్వాత నాకిష్టమైన వాక్యం రావాలి. రాలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. నేను ఇన్నేళ్ళూ తలుచుకోని, తలుచుకోకూడదని తొక్కిపెట్టిన వాక్యం ఒకటి దానంతటది కాగితం మీదికి దిగింది. ఇది వదినదే. ఇందులో ఏ సందేహమూ లేదు.

అరచెయ్యి అడ్డం పెట్టాను. ఉడత నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిపింది. ఈసారి తలకిందులుగా చదవలేదు, నా పక్కకి వచ్చి నిలబడి పైకే చదివింది.

"'మాట వచ్చాక నెలకో ఉత్తరం నీకు రాసి, మీ బాబాయి చేతికిచ్చి పంపాను.'"

నా మణికట్టు వదల్లేదు.

"ఏ ఉత్తరాలు బాబాయ్?" అంది.